తాడు పట్టే మనిషి

పోలిరాజు సముద్రంలో మునిగొచ్చిన ప్రతిసారీ ఆ నల్ల రబ్బరు సూటు ఉతికే పని భానుమతిదే. ఉతకడమంటే మామూలు బట్టల్ని బండకేసి బాదినట్టు కాదు. సబ్బు పెట్టకూడదు, పిండకూడదు, ఎండ తగలనివ్వకూడదు. మూడు నీళ్ళు మార్చి, లోపలి వైపు బయటికి తిప్పి, నీడన లావుపాటి హ్యాంగరుకి తగిలించాలి. ఈ నియమాలన్నీ ఆయన మొదటిసారి అండమాన్ నుంచి తిరిగొచ్చిన రోజున సోఫాలో కూర్చుని, కాళ్ళు బల్ల మీద పెట్టుకుని, కాగితం చూసి చదివి వినిపించాడు. "జాగ్రత్త భానూ, ఇది బట్ట కాదు, సామాను" అన్నాడు. ఆ మాటకి నాలుగేళ్ళు. ఆ సామాను తడిస్తే రెండు బక్కెట్ల నీళ్ళంత బరువుంటుందనీ, హుగ్లీ అవతల సంత్రాగాఛి ఫ్లాటులో ఇరుకు బాల్కనీ దాకా దాన్ని మోసుకెళ్ళే మనిషికి నడుమనేది ఒకటుంటుందనీ ఆ కాగితంలో రాసిలేదు.

అయినా ఆ మొదటి నీళ్ళంటే భానుమతికి ప్రాణం. సూటు బక్కెట్లో ముంచగానే ఉప్పు వాసన బాత్రూమంతా కమ్ముకునేది. ఎవరూ చూడని చోటే కదా అని, వేలు ముంచి నాలుక మీద పెట్టుకునేది. మణికట్టు పట్టీల్లోంచి తెల్లటి ఇసుక రాలేది. అడుగున చేరిన ఆ ఇసుకని పారబొయ్యబుద్ధి కాక, అరచేత్తో పోగుచేసి, ఖాళీ అయిన దగ్గుమందు సీసాలో పోసి, వంటింట్లో పోపులడబ్బా వెనక దాచింది. నాలుగేళ్ళకి రెండు వేళ్ళ ఎత్తు ఇసుక పోగయింది. పోలిరాజు దాన్ని ఎప్పుడూ చూడలేదు. పోపులడబ్బా వెనక ఏముందో చూసే అవసరం ఆయనకి పెళ్ళయిన ఇరవయ్యేళ్ళలో రాలేదు.

పోయిన ఏడాది ఒక ఆదివారం ఆమె ఇంకో పని కూడా చేసింది. ఆయన చేపల బజారుకి వెళ్ళాడు. అత్తగారు అమ్మన్నమ్మ టీవీ ముందు కునుకు తీస్తోంది. భానుమతి బాత్రూం గడియ పెట్టుకుని, ఆరిన సూటు తొడుక్కుంది. మోకాళ్ళ దగ్గర వదులుగా, భుజాల దగ్గర ఇంకా వదులుగా ఉన్నా, నడుము దగ్గర మాత్రం గట్టిగా పట్టేసింది. జిప్పు వీపు వైపు ఉంటుంది, దాని పొడుగాటి తాడు లాగితే పైకి వస్తుంది. వచ్చింది. కళ్ళు మూసుకుని, ఊపిరి బిగబట్టి, చేతులు చాపి కాసేపు నిలబడింది. ఆ తర్వాత జిప్పు కిందికి దిగనంది. అరగంట పెనుగులాడింది. మొగుడు వచ్చే వేళవుతోంది. చివరికి సిగ్గు చంపుకుని తలుపు తీసి "అత్తా" అని పిలిచింది.

అమ్మన్నమ్మ వచ్చి చూసి నోటిమీద చెయ్యి వేసుకుంది. "ఓలమ్మో! ఏటే ఇది? మగోడి తోలు తొడుక్కున్నావేటే?" అంది. తిడుతూనే కొబ్బరినూనె తెచ్చి జిప్పుకి రాసింది. లాగింది. జిప్పు దిగాక, తలుపు వైపు ఓసారి చూసి, గొంతు తగ్గించి అడిగింది: "లోపల ఎలగుంటాదే?"

"ఎవరో గట్టిగా వాటేసుకున్నట్టుంటాది అత్తా."

"హూఁ" అంది అమ్మన్నమ్మ. ఆ సంగతి కొడుకుతో అనలేదు.

ఈ పిచ్చి ఆమెకి పుట్టుకతో వచ్చింది. భానుమతి నాన్న గవరయ్య ఖిదిర్‌పూర్ డాకులో డైవర్. ఇప్పటివాళ్ళలా సరదాకి దిగే డైవర్ కాదు, జీతానికి దిగే డైవర్. లాకుగేటు కింద ఇరుక్కున్న దుంగలు తియ్యడం, ఓడ పంకాకి చుట్టుకున్న మోకులు కొయ్యడం ఆయన పని. గాలి పైనుంచి గొట్టంలో వచ్చేది. నడుముకి తాడు ఉండేది. ఆ తాడు రెండో కొస గట్టు మీద భానుమతి మేనమామ, గురువులు అనే ఆయన చేతిలో ఉండేది. శ్రీకాకుళం నుంచి వచ్చిన ఆ నాలుగైదు డైవరు కుటుంబాల్లో అదొక కట్టుబాటు. తాడు పరాయివాడి చేతికి ఇవ్వకూడదు, బావమరిది చేతికే ఇవ్వాలి. తాడు జారితే తన అప్పచెల్లెళ్ళ బొట్టు జారుతుందని వాడికి గుర్తుంటుంది. గురువులు చెల్లెలు, అంటే భానుమతి అమ్మ, కాసులమ్మని గవరయ్యకీ, గవరయ్య చెల్లెల్ని గురువులుకీ ఇచ్చి కుండమార్పు పెళ్ళిళ్ళు చేశారు కనక, ఒకడికొకడు బావమరిది. ఇద్దరి ప్రాణాలూ ఇద్దరి గుప్పిట్లో ఉండేవి.

భానుమతికి పదేళ్ళప్పుడు, ఒకరోజు మావకి జ్వరం వచ్చి గట్టు మీదే చతికిలబడితే, గవరయ్య తాడు తెచ్చి కూతురి చేతిలో పెట్టాడు. ఒకసారి గుంజితే బాగున్నానని. రెండుసార్లు గుంజితే వదులు చెయ్యమని. నాలుగుసార్లు గుంజితే ఉన్నపళాన లాగమని. ఆ గంటసేపు ఆమె రెప్ప వెయ్యలేదు. బురద నీళ్ళ అడుగునుంచి నాన్న ఒక్కో గుంజూ అరచేతిలోకి వస్తుంటే, ఆయన తనతోనే మాట్లాడుతున్నట్టు మురిసిపోయింది. ఆయన పైకొచ్చాక అడిగింది, కింద ఏముంది నాన్నా అని.

"ఏటీ అగుపడదు గుంటా. కళ్ళు మూసినా ఒకటే, తెరిసినా ఒకటే. సేతుల్తోనే సూడాల" అన్నాడు గవరయ్య. తల తుడుచుకుంటూ మళ్ళీ అన్నాడు: "అండమాన్ కాడ నీళ్ళు అద్దంలాగుంటాయంట. ఖలాసీలు సెప్పినారు. అడుగున ఇసక మీద నడిసే పీత కూడా పైకి అగుపిస్తాదంట. ఓపాలి సూడాల."

చూడలేదు. ముప్ఫయ్యేళ్ళు నీళ్ళలో బతికి, నీళ్ళెలా ఉంటాయో చూడకుండానే పోయాడు. నాన్న పోయిన ఇన్నేళ్ళకి కూడా, ఆఫీసుకి వెళ్తూ బస్సు రెండో హుగ్లీ వంతెన ఎక్కగానే భానుమతి కిటికీలోంచి కిందికి చూసేది. మట్టిరంగు నీళ్ళు. ఆ నీళ్ళని చూస్తూ తెల్లటి నీళ్ళ కోసం లోలోపల అలమటించేది. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, కళ్ళు తెరిచి దిగాలి. నాన్న బదులు తను చూడాలి. నలభై రెండేళ్ళ మనిషి, ఇంజినీరింగు హాస్టల్లో కూతురున్న మనిషి, పైకి చెప్పుకోదగ్గ కోరిక కాదని ఆమెకి తెలుసు. తెలిస్తే మాత్రం కోరిక తగ్గుతుందా?

పోలిరాజు స్ట్రాండ్ రోడ్డులో ఓడల ఏజెన్సీలో ఆఫీసరు. ఆయనా డాకు మనిషి కొడుకే గానీ, బెంగాలీల డైవింగు జట్టులో ఆయన "రాజు దా", అంటే రాజు అన్న. గ్రామదేవత పోలమ్మ పేరు పెట్టుకున్న సంగతి అక్కడ ఎవరికీ తెలియదు. జట్టు పెద్ద దత్తా దా, ఆయన భార్య శర్మిలా ది, అంటే శర్మిల అక్క, ఇంకో ఇద్దరు. ఏటా ఫిబ్రవరిలో అండమాన్. మొదటి ఏడు, "ముందు నేను నేర్చుకుంటా, వచ్చే ఏడు నిన్ను తీసుకెళ్తా" అన్నాడు. రెండో ఏడు కూతురి పరీక్షలన్నాడు. మూడో ఏడు అమ్మ కంటి ఆపరేషనన్నాడు. పరీక్ష రాసేది కూతురు, ఆపరేషన్ తల్లికి, ఆగిపోయేది మాత్రం భానుమతి. నాలుగో ఏడు, అంటే పోయిన ఫిబ్రవరిలో, కారణం కూడా చెప్పలేదు. పెట్టె సర్దమన్నాడు, సర్దింది.

ఆ నాలుగోసారి ఏం జరిగిందో నెల తర్వాత, ఇంటికొచ్చిన రఘురాం వాళ్ళకి చేపల పులుసు వడ్డిస్తుండగా తెలిసింది. నీళ్ళలోంచి పైకి తేలేసరికి పడవ లేదట. ప్రవాహం వీళ్ళని ఎక్కడికో లాక్కుపోయిందట. దత్తా దా, ఈయనా రెండున్నర గంటలు నడిసముద్రంలో తేలుతూ ఉన్నారట. అందరూ నోరెళ్ళబెట్టి వింటున్నారు. ఆయన చేతులు ఊపుతూ చెప్తున్నాడు. భానుమతి చేతిలో గరిటె పులుసుతో సహా ఆగిపోయింది.

"నాకు చెప్పలేదేమండీ?"

"చెప్తే నువ్వు కంగారు పడవా? రఘురాంకి ఇంకో ముక్క వెయ్యి."

వేసింది. ఆ రెండున్నర గంటలూ తనేం చేస్తూ ఉంది? లెక్కేసుకుంటే, ఆయన చొక్కాలు ఇస్త్రీ చేస్తూ ఉంది. ఇస్త్రీ చేస్తున్న చొక్కా తొడుక్కునేవాడు ఉన్నాడో లేడో తెలియకుండా, కాలరు రెండో వైపు కూడా శ్రద్ధగా తిప్పి చేసింది. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా ఆమెకి భయం కన్నా ముందు అవమానం కలిగేది.

ఆ దీపావళికి గట్టిగానే అడిగింది. ఈసారి నేనూ వస్తాను అంది. పోలిరాజు ఆలోచించినట్టు గెడ్డం గోక్కున్నాడు. "రావొచ్చు. కానీ పోయినసారి జరిగింది విన్నావు కదా. ఏ రక్షణా లేకుండా నిన్నెలా దింపుతాను? ముందు ఒక బీకన్ ఉండాలి. నొక్కగానే ఉపగ్రహానికి కబురందాలి. మీ కంపెనీలో అవేగా చూసేది, మంచిది నువ్వే ఎంచు. అది చేతికొచ్చిందంటే నువ్వు వచ్చినట్టే."

అది చేతికొచ్చిందంటే నువ్వు వచ్చినట్టే. భానుమతి ఆ మాటని మూడు నెలలు మంగళసూత్రంతో పాటు మెడలో వేసుకు తిరిగింది.

ఆమె పనిచేసేది ఖిదిర్‌పూర్‌లో ఓడల రక్షణ సామగ్రి పరీక్షించే చిన్న కంపెనీలో. గాలితో ఉబ్బే ప్రాణరక్షక తెప్పలు, మంట వెలిగే సంకేతాలు, మునిగిన ఓడ మీంచి తనంతట తాను తేలి రేడియో కబురు పంపే బీకన్లు అక్కడికి పరీక్షకి వస్తాయి. పద్నాలుగేళ్ళుగా బీకన్లు విప్పి, బ్యాటరీ చూసి, సంకేతం సరిగ్గా వస్తోందో లేదో మీటరు మీద కొలిచేది భానుమతే. జీతం పట్టీలో మాత్రం ఆఫీసు అసిస్టెంటు. "పరీక్షించినవారు" అన్న గడిలో సంతకం యజమాని మిత్తిర్ బాబుది. ఓడ కెప్టెన్లు వచ్చి, ఆమె చేతిలో స్క్రూడ్రైవరు కనిపిస్తున్నా, "దిది, మిస్త్రీ ఎక్కడ?" అని అడిగేవాళ్ళు. ఇంకొందరు చాయ్ అడిగేవాళ్ళు.

మొదట పోలిరాజే ఒక బీకన్ తెచ్చాడు. స్నేహితుడు బైరాగి ఏదో పాత ఓడ మీంచి విప్పించి ఇచ్చిన పసుపుపచ్చ డబ్బా. చూడగానే భానుమతి తల ఊపింది. "ఇది పాత రేడియో తరంగం మీద పలికేది. పోయినేడు ఫిబ్రవరి నుంచి ఉపగ్రహాలు దాన్ని వినడం మానేశాయి. ఇప్పుడు నాలుగు వందల ఆరు మెగాహెర్ట్జే వింటాయి."

"పనిచేస్తోందిగా? లైటు వెలుగుతోంది చూడు."

"పనిచేస్తుంది. గొంతు చించుకుని అరుస్తుంది. పైన వినేవాళ్ళు లేరంతే."

ఆ మాట అన్నాక లేచి వెళ్ళి చాయ్ పెట్టింది.

తర్వాత తనే వెతకడం మొదలెట్టింది. సింగపూర్ నుంచి తెప్పించిన కేటలాగు పుస్తకాలు మధ్యాహ్నం అన్నం తింటూ చదివేది. అరచేతిలో ఇమిడే బీకన్లు చాలానే ఉన్నాయి గానీ, అవన్నీ పడవ వాళ్ళకీ కొండలెక్కేవాళ్ళకీ చేసినవి. నీళ్ళలో పడితే తట్టుకుంటాయి, నీళ్ళ అడుక్కి వెళ్తే పగులుతాయి. ముప్ఫై మీటర్ల లోతుకి దిగేవాళ్ళకి అవి గట్టి గొట్టం లాంటి డబ్బాలో ఉండాలి. డబ్బా మూతకి రబ్బరు రింగుండాలి, ఆ రింగులో వెంట్రుక ఇరుక్కున్నా నీళ్ళు చొరబడతాయి. పైకి తేలాక తడిచేతుల్తో, వణికే చేతుల్తో మూత తియ్యగలగాలి. యాంటెనా ఒంటిచేత్తో లేవాలి. ఎక్కడున్నామో అదే కనిపెట్టి చెప్పాలి. మూడు రకాలు వడకట్టి ఒకటి ఎంచింది. డబ్బా వచ్చాక, లోపల ఒక పొడి న్యూస్‌పేపరు ముక్క పెట్టి, మూత బిగించి, కంపెనీ ఒత్తిడి కుండలో నలభై మీటర్ల లోతుకి సరిపడా ఒత్తిడి పెట్టి, పక్కనే కూర్చుంది. గంట తర్వాత తెరిస్తే కాగితం పెళపెళలాడింది. ఆ కాగితం ముక్కని చెంపకి ఆనించుకుని చిన్నపిల్లలా నవ్వుకుంది.

శనివారాలు ఆఫీసవగానే ఆడవాళ్ళ బ్యాచిలో ఈతకి కూడా వెళ్ళేది. ఇంట్లో ఓవర్‌టైం అని చెప్పింది. డైవరు కూతురికి ఈత రాకపోవడం చిత్రమే గానీ, హుగ్లీలో ఆడపిల్లని ఎవరు దిగనిచ్చారు? నవంబరులో కొలను అంచు పట్టుకుని ఏడిచినంత పనిచేసిన మనిషి, జనవరికి ఆగకుండా ఎనిమిది సార్లు అటూ ఇటూ ఈదింది. ఫిబ్రవరి ఆరు నుంచి పదమూడు దాకా సెలవు కూడా మంజూరైంది.

బీకన్‌కి ఒక నమోదు ఫారం ఉంటుంది. అది లేకపోతే కబురు వచ్చినా ఆ బీకన్ ఎవరిదో తెలియదు. జనవరి మూడోవారంలో ఆ ఫారం ఇంటికి తెచ్చి, భానుమతి బల్ల మీద పరిచి, ఒక్కో గడీ చదివి వినిపించింది. ఆ తర్వాత చాలారోజులు, నోరు మూసుకుని ఉంటే ఏం పోయేది అనుకుంది. కానీ పద్నాలుగేళ్ళ అలవాటు. సగం చెప్పి సగం దాచడం ఆమెకి చేతకాదు.

"ఇక్కడ బీకన్ యజమాని పేరు. ఇక్కడ అత్యవసరానికి ఫోన్ చెయ్యాల్సిన మనిషి పేరు. బటన్ నొక్కగానే ముందు ఆ మనిషికే ఫోన్ వస్తుంది, నిజమా, పొరపాటున నొక్కారా అని. కనక ఆ మనిషి జట్టుతో వెళ్ళకూడదు. ఒడ్డునే ఉండాలి. ఎప్పుడు ఎక్కడ దిగుతున్నారో తెలిసుండాలి. ఫోన్ ఎత్తకపోతే వెతకడం ఆలస్యమవుతుంది."

పోలిరాజు మొహం వెలిగిపోయింది. "ఇంకేటి, నువ్వే!"

"నేనా? నేను వస్తున్నాను కదండీ."

"నువ్వొస్తే ఫోన్ ఎవరెత్తుతారు? అమ్మా? అమ్మకి పచ్చ బటనేదో ఎర్ర బటనేదో తెలీదు. ఆలోచించు భానూ. నీకంటే నమ్మకమైన మనిషి నాకెవరున్నారు? నువ్వు ఒడ్డునుంటే నాకు నీళ్ళలో ధైర్యం." ఆమె మొహం చూసి, ఊరడించబోయాడు. "మీ నాన్న తాడు మీ మావ పట్టలేదా? అదే ఇది. మీ ఇంట్లో ఉన్నదేగా తాడు పట్టడం." నవ్వి, చెంప మీద తట్టి, చాయ్ ఉందా అని అడిగాడు.

ఆయనకి కపటం లేదు. అదే ఆమె ప్రాణానికి వచ్చింది. మోసం చేశాడని తిట్టుకోవడానికైనా లేదు, మెచ్చుకున్నాడాయె. ఆమె ఏరికోరి ఎంచి, ఒత్తిడి కుండ పక్కన కూర్చుని కాపలా కాసి తెచ్చిన బీకనే ఇప్పుడు ఆమెని గుమ్మానికి కట్టేసింది. పెళ్ళయిన కొత్తలో ఒక వానరోజు, మొగుడి మీద ప్రేమ పొంగి, నాన్న తాడు కథ ఆయనకి తనే చెప్పుకుంది. ఆ కథని కూడా ఆయన తీసుకెళ్ళి తన సామానులో కలిపేసుకున్నాడు. చాయ్ పొంగి పొయ్యి మీద పడుతుంటే చూస్తూ నిలబడింది. నిజమే కదా, ఎవరో ఒకరు ఒడ్డునుండాలి కదా, మావ ఉండలేదా అని మనసు తనకే నచ్చజెప్పబోయింది. నచ్చజెప్పడం ఆ మనసుకి బాగా అలవాటు. కానీ ఈసారి ఆ మాట మింగుడు పడలేదు.

మర్నాడు ఆఫీసు నుంచి ఏక్‌బాల్‌పూర్‌లో మావ ఇంటికి వెళ్ళింది. దారిలో ఎర్రజెండాల ఊరేగింపు వచ్చి బస్సు ఆగిపోతే, దిగి నడిచింది. గురువులు మావకి డెబ్బై దాటాయి. ఒంటిగది ముందు మడతమంచం మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. మేనకోడల్ని చూసి పక్కకి జరిగాడు.

"ఏటి గుంటా, మొకం అలగుంది?"

భానుమతి తిన్నగా అడిగేసింది. "మావా, నాన్న దిగుతుంటే నువ్వు తాడు పట్టేవోడివి కదా. నీకేటీ అనిపించేది కాదా?"

"పట్టేవోడిని. మరి నేను దిగినప్పుడు మీ నాన్న పట్టేవోడు. ఇయ్యాల పట్టినోడు రేపు దిగాల, అదీ లెక్క." బీడీ దులిపాడు. "మొదట్లో అలగ నేదులే. మీ నాన్నకి నీళ్ళ పిచ్చి. రోజూ నానే దిగుతానంటాడు. నువ్వు గట్టిగా పడతావు బావా, నువ్వుంటే నాకు దయిర్యం అంటాడు. పొగిడితే నేనూ ఉబ్బిపోయి పట్టేవోణ్ణి. అలగ నెల్లాళ్ళు. ఓరోజు ఆయన దిగబోతంటే తాడు గట్టు మీద ఎట్టీసి కూకుండిపోనాను."

"అమ్మో! నాన్న తిట్టలేదా?"

"తిట్టకేటి? తిట్టినాడు. బావా, నేనూ మడిసినే, నాకూ నీళ్ళు కావాల అన్నాను. ఒగ్గీసి పోమంటే పోతాను గానీ ఒడ్డు మీదే ఉండిపొమ్మంటే ఉండను అన్నాను. ఆనక గొట్టం నా సేతికిచ్చి, తాడు ఆయన పట్టినాడు." ముసలాయన నవ్వాడు. "దిగకండా పట్టినోడి సెయ్యి మొద్దుబారిపోద్ది గుంటా. పట్టకండా దిగినోడి బుద్ధి మొద్దుబారిపోద్ది. ఆ రోజు నాను తాడు ఎట్టీకపోతే మీ నాన్నకి నా బరువెంతో తెలిసేది కాదు."

ఈ సంగతి ఆమెకి ఎవరూ చెప్పలేదు. పదేళ్ళప్పటి నుంచి ఆమె జ్ఞాపకంలో నాన్న నీళ్ళలోనే ఉన్నాడు, మావ గట్టు మీదే ఉన్నాడు. మావ దిగిన రోజులు కూడా అన్నే ఉన్నాయని, ఆ రోజుల్లో గట్టు మీద నిలబడి రెప్ప వెయ్యకుండా తాడు పట్టింది నాన్నేనని ఆమెకి తోచనేలేదు. చీకటి పడకముందే లేచింది. మావ కాళ్ళకి దణ్ణం పెడితే, "ఏటే ఇది కొత్తగా" అని ఆయన కాళ్ళు వెనక్కి తీసుకున్నాడు.

తెల్లారి ఆఫీసులో ఫారం బయటికి తీసింది. నీలం సిరా పెన్నుతో, తొందర లేకుండా, ఒక్కో గడీ నింపింది. "పరీక్షించినవారు" అన్న చోట తన సంతకం చేసి మిత్తిర్ బాబు ముందు పెట్టింది. ఆయన కళ్ళజోడు సవరించుకుని సంతకాన్ని చూశాడు, ఆమెని చూశాడు. "ఠీక్ ఆఛే" అని ఒప్పుకుని, కింద కంపెనీ ముద్ర వేశాడు. పద్నాలుగేళ్ళుగా దీనికి అడగడమొక్కటే తక్కువైందా అని ఆమెకి కోపం కూడా వచ్చింది. మధ్యాహ్నం శర్మిలా దికి ఫోన్ చేసింది. "ఎట్టకేలకి వస్తున్నావా భాను! నా గదిలోనే ఉందువు గాని" అని ఆవిడ అటునుంచి అరిచింది. సాయంత్రం పోస్టాఫీసులో ఫారం రిజిస్టర్ పోస్టులో పంపి, రసీదు పర్సులో పెట్టుకుంది.

శనివారం సాయంత్రం ఈత నుంచి వచ్చి, తడి జుట్టు ఆరబెట్టుకుంటూ, ఫారం నకలూ ఇంకో రెండు కాగితాలూ పోలిరాజు ముందు పెట్టింది. ఆయన చాయ్ తాగుతూ చదివాడు.

"ఏటిది? యజమాని దగ్గర నీ పేరుంది."

"అవును."

"తారుమారుగా రాశావు. ఫోన్ చెయ్యాల్సిన చోట నా పేరుంది చూడు. ఇంకో ఫారం తే."

"తారుమారు కాదండీ. చూసుకునే రాశాను. మొన్న పోస్టు చేశాను. శర్మిలా ది నాకు టికెట్ కూడా తీసింది."

ఆయన కప్పు కింద పెట్టాడు. నవ్వబోయాడు, నవ్వు రాలేదు. "మరి నేను?"

"ఇంట్లో ఒకరుండాలి అన్నారు కదా."

"ఎవరైనా వింటే నవ్వుతారు. పెళ్ళాం సముద్రంలో, మొగుడు ఇంట్లో ఫోన్ దగ్గర!"

"నాలుగేళ్ళు మొగుడు సముద్రంలో ఉన్నాడు, పెళ్ళాం ఇంట్లో ఉంది. ఎవరూ నవ్వలేదు."

"అమ్మనెవరు చూస్తారు? వంటెవరు చేస్తారు?"

"రెండో కాగితంలో రాశాను. అత్తకి మందులు ఏ వేళకి ఏవో ఉన్నాయి. ఆవాలు, జీలకర్ర పోపులడబ్బాలో ఉంటాయి. దాని వెనక ఒక సీసా ఉంటుంది, అది నాది, కదపకండి."

లోపలి గదిలోంచి అమ్మన్నమ్మ గొంతు వినిపించింది. "ఒలే భానూ! ఈసారి నీ కొలతకి తెచ్చుకోయే. ఆడి తోలు నీకు వదులు. నడుం కాడ మట్టుకి బిగుతు."

పోలిరాజు గది వైపు చూశాడు, పెళ్ళాం వైపు చూశాడు. తనకి తెలియకుండా ఈ ఇంట్లో ఏవేవో జరిగాయని ఆయనకి మొదటిసారి తోచినట్టుంది. మూడో కాగితం తీశాడు. ఏ రోజు ఎక్కడ దిగుతారో, ఎన్నింటికి పైకి వస్తారో, ఎన్ని గంటల దాకా కబురు లేకపోతే కంగారు పడాలో అందులో వరసగా రాసుంది. చదువుతూ చదువుతూ ఒకచోట ఆగిపోయాడు. "ముప్ఫై మీటర్లా?" అన్నాడు.

"ఆఖరి రోజుకి. దత్తా దా చూసి, సరే అంటేనే."

"భానూ, పైకొచ్చేసరికి పడవ లేకపోతే?"

ఆ గొంతులో వణుకు ఆమెకి తెలిసినదే. తను పోయినేడాది నుంచీ మోస్తున్న వణుకు అది. ఆయన మీద జాలి కలిగింది. ప్రేమ కూడా కలిగింది, అబద్ధమెందుకు. అయినా ఆమె వెనక్కి తగ్గలేదు. బల్ల మీదున్న ఆయన ఫోన్ తీసి, ఆయన అరచేతిలో పెట్టి, వేళ్ళు ఒక్కొక్కటే దానిమీదకి ముడిచింది.

"మీరు ఒడ్డునుంటే నాకు నీళ్ళలో ధైర్యం" అంది. "ఈసారి తాడు మీరు పట్టండి. వచ్చే ఏడు నేను పడతాను."